కుడివైపున కుండీ

ఆ ఇంట్లో ఒక మడత విసనకర్ర తయారవ్వాలంటే ముగ్గురు మనుషులు కావాలి. అన్నయ్య చెక్క కోసి పుల్లలు చెక్కాలి. వదిన దిండు మీద లేసు అల్లాలి. ఆ రెండింటినీ చిన్నమ్మాయి ఒక్కటి చెయ్యాలి. అంటే లేసుకు మడతలు పెట్టి, పుల్లలకు కుట్టి, అడుగున ఇత్తడి చీల బిగించాలి.

చిన్నమ్మాయికి యాభై ఏడేళ్ళు. తోబుట్టువుల్లో ఆఖరున పుట్టినందుకు పడిన పిలుపు అది. జుట్టు నెరిసినా ఆ పిలుపు మాత్రం వదల్లేదు. వీధి చివర కూరగాయలమ్మే కుర్రవాడు కూడా "చిన్నమ్మాయిగారూ, టమాటాలు తాజావండీ" అని కేకేసేవాడు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళను వయసులో ఉన్నప్పుడే తరిమికొట్టింది. ఇప్పుడు ఎత్తేవాళ్ళు లేరు, తరమాల్సిన శ్రమా లేదు.

తమ ముగ్గురిలో తన పనే పెద్దదని ఆమె నమ్మకం. "చెక్కలు చెక్కలే, లేసు లేసే. నా బల్ల ఎక్కాకే అది విసనకర్ర" అని, కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు. వదిన ఆ మాట వినబడగానే ఏదో పని గుర్తొచ్చినట్టు మేడ మీదికి వెళ్ళిపోయేది. వదిన నోట్లో నాలుక లేని మనిషి అని చిన్నమ్మాయి నలుగురితో చెప్పేది, మెచ్చుకుంటున్నాననుకునే చెప్పేది.

కింద ముందుగది చిన్నమ్మాయిది. కిటికీ పక్కన పొడుగాటి బల్ల. దాని మీద నీలం కాగితం పరిచి ఉంటుంది, తెల్లదారం స్పష్టంగా కనబడాలని. వెనక గదిలో అన్నయ్య రంపాలూ ఆకురాళ్ళూ. మేడ మీద కాపురం, ఆ మేడ మీదే వెలుతురు బాగా పడే మూల వదిన దిండు. గుండ్రటి గట్టి దిండు, దాని మీద వందల కొద్దీ గుండుసూదులు, చుట్టూ వేలాడే, దారం చుట్టిన చెక్క కండెలు. వదిన అల్లుతున్నంతసేపూ ఆ కండెలు ఒకదానికొకటి తగిలి టకటకమని చప్పుడు చేసేవి. కింద పని చేసుకుంటూ చిన్నమ్మాయి ఆ చప్పుడును గడియారం చప్పుడులా వింటూ ఉండేది, అంటే విననట్టే.

ఆ ఏడాది ఆ చప్పుడు నెమ్మదించింది. వదిన కుడి బొటనవేలి కీలు అరిగిపోయిందని డాక్టరు తేల్చాడు. మొదలుపెట్టిన లేసు పూర్తి చేసుకోమనీ, ఆ తర్వాత కండెలు ముట్టుకోవద్దనీ చెప్పాడు. ఎడమచేతి వాటం మనిషే అయినా లేసు అల్లడానికి రెండు చేతులూ కావాలి మరి.

భోజనాల బల్ల దగ్గర వదిన రెండే ముక్కలు చెప్పింది. "ఇదే ఆఖరుది. ఈసారి ప్రదర్శనలో దీన్ని నేనే తెరుస్తాను."

చిన్నమ్మాయి ముద్ద మళ్ళీ కంచంలో పెట్టి వదిన వైపు చూసింది. అన్నయ్య మాత్రం ఆశ్చర్యపోలేదు. తల వంచుకుని తింటున్నాడు.

ఏటా ఊళ్ళోని పెద్ద హాల్లో చేతిపనులవాళ్ళ ప్రదర్శన జరుగుతుంది. కుండలు చేసేవాళ్ళు, పుస్తకాలకు అట్టలు కట్టేవాళ్ళు, బుట్టలల్లేవాళ్ళు, ఎవరు చేసిన వస్తువును వాళ్ళే వేదిక మీద చూపిస్తారు. విసనకర్ర వంతు వచ్చేసరికి హాలంతా నిశ్శబ్దమైపోతుంది. మూసిన విసనకర్ర పట్టుకుని నిలబడి, ఒక్క విసురుతో తెరవాలి. కుడిచేత్తో తెరిస్తేనే లేసు జనం వైపు వస్తుంది, లేకపోతే పుల్లలే ముందుకొస్తాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ విసురు చిన్నమ్మాయిదే.

అంతకుముందు ఒకే ఒక్కసారి వదిన ఎక్కింది. ఆ కథ చిన్నమ్మాయి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "ఈ ప్రదర్శన పెట్టిన కొత్తలో మా వదిన వేదిక ఎక్కిందమ్మా. కంగారులో తప్పు చేత్తో తెరిచింది. ఇంకేముంది, విసనకర్ర వీపు జనం వైపు తిరిగింది! పుల్లలన్నీ ముందుకి, ముడులన్నీ బయటికి. హాలంతా ఒకటే నవ్వు. నాకే నవ్వాగలేదంటే చూడండి. ఒక్క ఉదుటున వెళ్ళి చేతిలోంచి తీసుకుని, ఇలా, సరిగ్గా తెరిచాను. పరువు దక్కింది. పాపం అప్పట్నించీ ఆవిడ వేదికంటేనే భయపడుతుంది." ఇక్కడ విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. వదిన దగ్గరుంటే ఆమె కూడా చిన్నగా నవ్వేది.

అలాంటి మనిషి ఇప్పుడు తెరుస్తానంటోంది. "దానికేం వదినా, తప్పకుండా తెరువు" అంది చిన్నమ్మాయి. కంచం ముందు నుంచి లేచాక మాత్రం, తన చేతిలోంచి ఏదో జారిపోయినట్టు కాసేపు గదిలో సామాను ఊరికే సర్దింది.

ప్రదర్శన ఇంకా పన్నెండు రోజులుందనగా లేసు కిందికి దిగింది. పదకొండు నెలల పని. అన్నయ్య దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, పుల్లల కట్టతో పాటు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. వదిన మోకాళ్ళకు ఆ మెట్లు పడవు, అవసరమైతే తప్ప దిగదు.

చిన్నమ్మాయి గుడ్డ విప్పి, లేసును నీలం కాగితం మీద పరిచింది. పరిచాక కూర్చుండిపోయింది. అంత బాగుంది. అర్ధచంద్రాకారంలో తీగ. కుండీలో మొదలై, ముందు ఆకులు, తర్వాత మొగ్గలు, అర విచ్చినవి, చివరికొచ్చేసరికి నిండా విచ్చిన పూలు. ఒక్క పువ్వయినా మడత మీద పడలేదు. పదహారు పుల్లలకు పదిహేను మడతలు, మడతకీ మడతకీ మధ్య తన చోటు తను చూసుకుని కూర్చుంది ప్రతి పువ్వూ. బొమ్మ గీసేటప్పుడే ఆ లెక్క చూసుకోవాలి. అందులో వదినను మించినవాళ్ళు లేరు. ఆ మాట మాత్రం చిన్నమ్మాయి కొనేవాళ్ళతో ఎప్పుడూ అనలేదు.

అప్పుడు చూసింది. కుండీ కుడివైపున ఉంది.

ఇన్నేళ్ళలో ఏ బొమ్మయినా ఎడమవైపునే మొదలయ్యేది. విసనకర్ర కుడిచేత్తో పట్టుకుంటే చూసేవాళ్ళకు చేతిలో పట్టిన కొస ఎడమవైపున ఉంటుంది. చేతి దగ్గర కుండీ, అక్కణ్ణించి తీగ అవతలికి విచ్చుకుంటుంది. ఇదేమో తలకిందులైంది. చిన్నమ్మాయి లేసును ఇటూ అటూ తిప్పి చూసింది. నున్నగా ఉన్నదే ముఖం, ముడులున్నదే వీపు, సందేహం లేదు.

కారణం తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. దిండు మీద లేసు బోర్లా అల్లుతారు. అల్లేవాళ్ళకు కనబడేది వీపు. ముఖం దిండుకు ఆనుకుని ఉంటుంది. అందుకే గీసిన బొమ్మను తిరగేసి దిండుకు గుచ్చాలి. తిరగెయ్యడం మరిచిపోతే కుడి ఎడమవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తలా ఒకసారి చేసే పొరపాటు. నలభై ఏళ్ళ చెయ్యి చేసేది కాదు. కాని నొప్పికి రోజూ మాత్రలు మింగే మనిషి, మనసెక్కడుందో ఏమో!

"పదకొండు నెలలు!" అనుకుంది చిన్నమ్మాయి. "ఈ మాట చెబితే ముసలిదాని గుండె ఆగిపోదూ?" ఆ ముసలిది తనకన్నా ఆరేళ్ళే పెద్ద.

పుల్లల కట్ట విప్పింది. అక్కడా అదే వరస. అన్నయ్య ప్రతి పుల్లకూ అడుగున పెన్సిలుతో అంకె వేస్తాడు, ఏది దేని మీద రావాలో తెలియడానికి. ఆ అంకెలు ఉల్టాగా ఉన్నాయి. ఎప్పుడూ ఒకటి ఉండేచోట పదహారు. పైన వచ్చే లావుపాటి పుల్లకు బొటనవేలు ఆనడానికి చిన్న గుంట తొలుస్తాడు. ఆ గుంట కూడా ఉండాల్సిన అంచున లేదు, అవతలి అంచున ఉంది.

"సరిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకేసారి మతి తప్పింది" అని చిన్నమ్మాయి నిట్టూర్చింది. నిజంగానే జాలిపడింది. ఇద్దరూ పెద్దవాళ్ళయిపోతున్నారు, ఇల్లు ఇక తన మీదే ఉంది, తను గట్టిగా నిలబడాలి అనుకుంది. ఆ ఆలోచన కొంచెం హాయిగా కూడా ఉంది.

ఆ రోజే నిర్ణయానికి వచ్చేసింది. చెప్పదు. సరిచేస్తుంది. వీపును ముఖం చేస్తే కుండీ దానంతటదే ఎడమవైపుకు వస్తుంది. కాకపోతే ముడులు బయటికి కనబడతాయి. వాటి సంగతి చూడాలి. సన్నటి కొక్కెం తీసుకుని, ఒక్కో దారం కొసను అల్లికలోంచి అవతలివైపుకు లాగి, పొట్టిగా కత్తిరించింది. అలాంటివి రెండు వందల పైచిలుకు. నాలుగు రోజులు మెడ ఎత్తలేదు. అన్నయ్య పుల్లలను, అంకెలను పట్టించుకోకుండా, ఎప్పుడూ పేర్చే వరసలోనే పేర్చింది. గుంటలో చెక్క రంగు మైనం నింపి నున్నగా రుద్దింది, వేలితో తడిమినా తెలియకుండా. రెండోవైపు కొత్త గుంట తనే తొలిచింది. ఆ తర్వాత లేసును మడతల అచ్చులో పెట్టి ఒక రోజంతా బరువు కింద ఉంచి, పుల్ల పుల్లకూ సన్నటి పట్టుదారంతో కుట్టి, చీల దూర్చి, చిన్న సుత్తితో దాని తల అణిచింది.

కుడిచేత్తో విసిరి తెరిచింది. ఎడమవైపు కుండీ, అక్కణ్ణించి తీగ, చివర పూలు. లోకంలో ఇంకెవరూ ఈ పని చెయ్యలేరనుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. నిజంగానే ఇంకెవరూ చెయ్యరు.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు వదిన ఒక్కో మెట్టూ దిగి కిందికొచ్చింది. వెనక అన్నయ్య. వదిన కొత్త చీర కట్టుకుంది. అది చిన్నమ్మాయి గమనించింది, ఎందుకో అడగలేదు.

"తెరువు వదినా, నీ చేత్తోనే" అంటూ మూసిన విసనకర్ర అందించింది.

వదిన ఎడమచేత్తో అందుకుంది. బొటనవేలితో పై పుల్ల అంచు తడిమింది. ఇంకోసారి తడిమింది. తర్వాత తెరిచింది. తెరిచిన విసనకర్రను చేయి చాచి దూరంగా పట్టుకుని, అవతలివైపు తిప్పి చూసింది.

"పుల్లలు ముందుకొచ్చాయే" అంది వదిన.

"మరి ఎడమచేత్తో తెరిస్తే రావా? ఇలా ఇయ్యి." చిన్నమ్మాయి ఆమె చేతిలోంచి విసనకర్ర తీసుకుంది. చటుక్కున మూసి, కుడిచేత్తో విసిరింది. "అదీ! ఇప్పుడు చూడు. వదినా, నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు గాని, నువ్వు బొమ్మ తిరగెయ్యడం మరిచిపోయావు. కుండీ కుడివైపు పడింది. అన్నయ్య కూడా అంకెలు ఉల్టాగా వేశాడు, గుంట అవతలి అంచున తొలిచాడు. అన్నీ సర్దేశాను. వీపును ముఖం చేశాను. రెండు వందల ముడులు! ఎవరు చూసినా కనిపెట్టలేరు."

అన్నయ్య గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. "బొమ్మలో చెప్పాను. అంకెల్లో మీ అన్నయ్య చెప్పాడు. గుంటలోనూ చెప్పాం. మూడు చోట్ల చెబితే మూడూ దిద్దేశావా?"

"ఏం చెప్పారు?"

"ఇది ఎడమచేతి విసనకర్ర అని."

చిన్నమ్మాయి విసనకర్ర మూసి బల్ల మీద పెట్టింది.

"నలభై ఏళ్ళలో నా చేతికి సరిపోయేది ఒక్కటీ చెయ్యలేదు మనం. ఆఖరుదైనా చేసుకుందామనుకున్నాను" అంది వదిన. "నా తీగను కటకటాల వెనక పెట్టావు. సరేలే. శనివారం నువ్వే తెరువు. నీ చేతికే బిగించుకున్నావుగా." లేచి, గోడ పట్టుకుని, మెట్లెక్కింది.

చిన్నమ్మాయికి మొదట వచ్చింది కోపం. అన్నయ్య మీద ఇంతెత్తున లేచింది. "నోరుందిగా! ఎడమచేతిది చెయ్యమని ఒక్క ముక్క చెబితే అరిగిపోతుందా? చిన్నపిల్లకు పొడుపుకథ వేసినట్టు గుంటల్లో చెబుతారా ఎవరైనా? నాలుగు రోజులు మెడలు పట్టేశాయి నాకు!" అన్నయ్య ఒక్కదానికీ జవాబు చెప్పకుండా వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. జవాబు చెప్పని మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది.

ఒక్కతే మిగిలాక, విసనకర్రను ఎడమచేతిలోకి తీసుకుని తెరవబోయింది. చెయ్యి మొరాయించింది. మూడోసారికి తెరుచుకుంది. అద్దం ముందుకెళ్ళి చూసుకుంది. వదిన చెప్పింది నిజమే. ముందు వరసగా పదహారు పుల్లలు, వాటి సందుల్లోంచి కుండీ, మొగ్గలు, పూలు. మంచి ముఖమంతా వెనక బందీ అయి కూర్చుంది.

వదినది ఎడమచేతి వాటమని తనకు తెలియదా? కాపురానికొచ్చిన రోజునుంచీ తెలుసు. గోడగడియారం పది నిమిషాలు ముందుంటుందని తెలిసినట్టు తెలుసు. దాంతో ఇంకేం పని ఉంటుందో ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే వెనక గదిలోకి వెళ్ళింది. అన్నయ్య ఆకురాయితో ఏదో రుద్దుతున్నాడు.

"ఆ రోజు హాల్లో వదిన తప్పు చేత్తో తెరిచింది కదా..." అని మొదలుపెట్టింది.

"తప్పు చెయ్యి కాదు. తన చెయ్యి" అన్నాడు అన్నయ్య తలెత్తకుండా. కాసేపు రుద్ది, మళ్ళీ అన్నాడు. "ఆ తర్వాత రెండు నెలలు మేడ మీద తలుపేసుకుని కుడిచేత్తో తెరవడం నేర్చుకుంది. రోజూ. ఒకటి విరగ్గొట్టింది కూడా. విసురు రాలేదు, మెల్లగా లాగాల్సొచ్చేది. వేదిక మీద లాగితే ఏం బాగుంటుందని మానేసింది. అంతకన్నా, నువ్వు చేతిలోంచి లాక్కున్నది మరిచిపోలేదు."

"లాక్కున్నానా?"

"నిన్న కూడా లాక్కున్నావుగా."

చిన్నమ్మాయికి సిగ్గేసింది. ఒళ్ళంతా చెమట పట్టేంత సిగ్గు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కథ తను ఎక్కడెక్కడ, ఎవరెవరికి చెప్పిందో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. వదిన పక్కనుండగానే చెప్పినవి మరీ గుర్తుకొచ్చాయి. ఆమె చిన్నగా నవ్వేది కదా. ఆ నవ్వుకు ఎంత ఓపిక కావాలి!

మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. వదిన ఖాళీ దిండు ముందు కూర్చుని కండెలను డబ్బాలో సర్దుతోంది.

"తప్పయిపోయింది వదినా."

వదిన తల తిప్పలేదు. "ఏది?"

"రెండూ. అప్పటిదీ, ఇప్పటిదీ. కాని నోటితో ఒక్క మాట చెప్పొచ్చుగా. చెబితే చెయ్యనా?"

"చేసేదానివే. చెప్పి చేయించుకోవాలని లేదు. నా చెయ్యి ఏదో నీకు తెలుసనుకున్నాను, అంతే." కండెల డబ్బా మూత పెట్టింది. "పద, ఇంక ఏడుపులు తర్వాత. మూడు రోజులుంది. నువ్వు కత్తిరించిన ముడులు ఎలా ఉన్నాయో ముందు అది చూడాలి."

వదిన ఆ మూడు రోజులూ కిందనే ఉంది. అన్నయ్య ఆమెకు చేతుల కుర్చీ తెచ్చి కిటికీ దగ్గర వేశాడు. చీల తల అరగదీసి ఊడదీశాడు. గుంటలో మైనాన్ని వేడి చేసిన చెంచాతో కరిగించి తీసేశాడు. చిన్నమ్మాయి తొలిచిన రెండో గుంటను చూసి, "ఇదేమిటిది, ఎలుక కొరికిందా?" అని అడిగి, చెక్కముక్కతో పూడ్చాడు.

తను వేసిన కుట్లన్నీ తనే విప్పింది. లాగేసిన కొసలను మళ్ళీ వీపువైపుకు తెచ్చింది. చాలావరకు వచ్చాయి. కుండీ దగ్గర రెండు మాత్రం మరీ పొట్టిగా కత్తిరించడం వల్ల ముడి జారి, ఒక కాడ విడిపోయింది. వదిన భూతద్దం తెప్పించుకుని, సూది ఎడమచేతిలో పట్టుకుని, కుడి బొటనవేలు ఊరికే ఆనించి, కొత్త దారంతో ఆ కాడను అతికింది. వేలెడంత కాడకు పూటంతా పట్టింది. రెండు కుట్లకోసారి చెయ్యి దులుపుకుని ఆగేది. చిన్నమ్మాయి చెయ్యి సాయానికి ముందుకు వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

మళ్ళీ బిగించడం ఇంకా పెద్ద గొడవ. పుల్లలు అన్నయ్య అంకెల ప్రకారం పేర్చాలి. చేతులేమో నలభై ఏళ్ళ అలవాటున అటే పోతాయి. ఐదు పుల్లలు కుట్టాక చూసుకుంటే మూడోది కిందుమీదైంది. విప్పింది. సూది ఎప్పుడూ వచ్చే వైపునుంచి రాదు, పుల్లలే అడ్డం. కుర్చీ తిప్పింది, బల్ల తిప్పింది, చివరికి తనే బల్లకు అవతలివైపు వెళ్ళి కూర్చుంది. అక్కడేమో వెలుతురుకు తన చెయ్యే అడ్డం. తల ప్రాణం తోకకొచ్చింది.

"ఈ బల్లా, ఈ కత్తెరా, ఈ బిగింపూ, అన్నీ కుడిచేతివాళ్ళ కోసం చేసి చచ్చారు!" అని విసుక్కుంది.

కిటికీ దగ్గర నుంచి వదిన నవ్వింది. చిన్నగా కాదు, పైట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. "ఇప్పుడు తెలిసిందా?" అంది. అన్నయ్య రంపం ఆపి మరీ గుమ్మంలోకి వచ్చి చూశాడు. చిన్నమ్మాయికి ఆ నవ్వు మొదట గుచ్చుకుంది, తర్వాత తనకూ నవ్వొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నానికి చీల పడింది. వదిన ఎడమచేత్తో అందుకుంది. బొటనవేలు వెళ్ళి తిన్నగా గుంటలో కూర్చుంది. ఒక్క విసురు. కుడివైపున కుండీ, అక్కణ్ణించి తీగ ఎడమకు పాకి, చివర పూలు. లేసు ముందు, పుల్లలు వెనక. వదిన మూసింది, తెరిచింది. మళ్ళీ మూసింది. "సరిగ్గా ఉంది" అంది. ఆమె అంతకు మించి మెచ్చుకోదు.

శనివారం హాలు నిండింది. ముందు వరసలో ముగ్గురూ కూర్చున్నారు. విసనకర్ర చిన్నమ్మాయి సంచిలో ఉంది. వదిన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళు కదిలిస్తోంది. అట్టల ఆయన అయ్యాడు, బుట్టల ఆవిడ అయింది. వేదిక మీదున్న పెద్దమనిషి కాగితం వైపు చూడకుండానే, అలవాటు కొద్దీ, "ఇక ఎప్పటిలాగే మన చిన్నమ్మాయిగారు!" అన్నాడు. హాలు చప్పట్లు కొట్టింది.

లేవబోయిన వదిన మళ్ళీ కుర్చీలోకి జారింది. "నువ్వే వెళ్ళు" అంది గొణుగుతున్నట్టు.

"ఇద్దరం వెళదాం" అని చిన్నమ్మాయి ఆమె మోచెయ్యి పట్టి లేపింది. నాలుగు మెట్లు, వదిన మోకాళ్ళతో. జనం ఓపిగ్గా చూస్తున్నారు. పైకెక్కాక చిన్నమ్మాయి సంచిలోంచి విసనకర్ర తీసి, వేదిక మధ్యకు వచ్చి, ఎప్పటిలాగే కుడిచెయ్యి చాచింది. హాలు నిశ్శబ్దమైపోయింది.

విసిరింది.

తెరుచుకున్నది వీపు. పదహారు పుల్లలు ముందుకొచ్చాయి, వాటి సందుల్లో ముడులు, దారం కొసలు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. ముప్పై ఏళ్ళుగా తప్పు చెయ్యని చిన్నమ్మాయిగారు తప్పు చేసింది మరి! చిన్నమ్మాయి చెంపలు మండిపోయాయి. అయినా చెయ్యి దించలేదు. నవ్వు దానంతటది ఆగేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. చాలాసేపు పట్టింది. ఇంతసేపు నవ్వుతారని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఇది నా చేతికి రాదండీ" అంది, వెనక వరసకు కూడా వినబడేలా. "అల్లినావిడ చేతికే వస్తుంది. ఇన్నేళ్ళూ మీరు చూసినవన్నీ ఈవిడ అల్లినవే. ఈవిడ మా వదిన." విసనకర్ర మూసి, వదిన ఎడమ అరచేతిలో పెట్టింది.

వదిన ఒక్క క్షణం దాని వైపు చూసుకుంది. ఆ తర్వాత చెయ్యి చాచి విసిరింది. ముందు కుండీ కనబడింది. తీగ దాని వెనకే పాకింది. పూలన్నీ ఒకేసారి విచ్చుకున్నట్టయి, హాల్లో ఎవరో "అబ్బా" అన్నారు. చప్పట్లకు ముందు ఒక ఊపిరి తీసినంత నిశ్శబ్దం. అది చిన్నమ్మాయికి తన ముప్పై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ దొరకలేదు.

వదిన విసనకర్ర మూసి, ఎవరూ అడక్కపోయినా రెండోసారి తెరిచింది. చిన్నమ్మాయి తన కుడిచేతిని ఎడమ చంక కింద పెట్టుకుని పక్కకు తప్పుకుంది.

"కుడిచేత్తో రాదని తెలిసే తెరిచావు" అంది వదిన, పెదవులు కదపకుండా.

"అలవాటు వదినా. పొరపాటయింది."

"అబద్ధం ఒక్కటి మాత్రం సరిగ్గా బిగించలేవే నువ్వు" అని వదిన మూడోసారి తెరిచింది.